ఒక్క అమ్మాయే గోల్స్ కొడుతుంటే మిగతా ఆరుగురూ ఏం చేయాలి?

అమెరికాలోని మేరీలాండ్‌లో మార్చి వచ్చిందంటే హైస్కూల్ అమ్మాయిల లాక్రాస్ (వల కట్టిన కర్రతో బంతి ఆడే ఆట) సీజన్ మొదలైనట్టే, మే నెల దాకా మా ఇంట్లో వేరే మాట ఉండదు. గ్రౌండ్ పక్కన మడత కుర్చీలు వేసుకుని కూర్చునే పేరెంట్స్ మధ్య ప్రతి ఏడాదీ ఒకటే వాదన. ప్రతి టీమ్‌లోనూ ఒక అమ్మాయి ఉంటుంది, బంతి తన కర్రలో పడిందంటే గోలే. సగం మంది "ఆ అమ్మాయికి ఇచ్చి తప్పుకోండి, గెలుస్తాం" అంటారు. మిగతా సగం "ఆ పిల్ల ఎవరికీ పాస్ ఇవ్వదు, మా పిల్లలేమో ఊరికే పరిగెత్తి ఇంటికి రావాలా" అంటారు. ఇద్దరూ ఆ అమ్మాయి గురించే మాట్లాడుతున్నారు తప్ప తనతో పాటు దాడికి వెళ్లే మిగతా ఆరుగురి గురించి ఎవరూ మాట్లాడటం లేదని నా బాధ. అందుకే ఇంత పొడుగు పోస్ట్.

నేను ఈ ఆట ఆడినదాన్ని కాదు. గుంటూరులో చదువుకునే రోజుల్లో దీని పేరు కూడా వినలేదు. ఇప్పుడు హోవర్డ్ కౌంటీలో మా అమ్మాయి ఆడే టీమ్‌కి స్కోర్‌బుక్ రాసే వాలంటీర్‌ని. గోల్, అసిస్ట్ (గోల్‌కి దారితీసిన పాస్), డ్రా కంట్రోల్ (ఆట మొదలుపెట్టడానికి బంతిని గాల్లోకి లేపే డ్రాలో దాన్ని దక్కించుకోవడం), గ్రౌండ్ బాల్ (నేల మీద పడ్డ బంతిని అందుకోవడం), టర్నోవర్ (బంతి ఎదుటివాళ్లకి పోగొట్టుకోవడం), ఏది ఎవరు చేస్తే వాళ్ల నంబర్ పక్కన గీత పెట్టడం నా పని. కుర్చీలో కూర్చుని చూస్తే గోల్ కొట్టిన అమ్మాయే కనిపిస్తుంది. పుస్తకం ఒళ్లో ఉంటే ఆ గోల్‌కి ముందు ఏం జరిగిందో కూడా చూడక తప్పదు, ఎందుకంటే అది కూడా రాయాలి.

ఇండియాలో ఉన్నవాళ్ల కోసం ఆట గురించి కొంచెం. 2023 అక్టోబర్‌లో ముంబైలో ఐఓసీ (అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ) సమావేశం జరిగినప్పుడు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోకి క్రికెట్ వచ్చిందని మనమంతా పండగ చేసుకున్నాం కదా, అదే సమావేశంలో లాక్రాస్‌కి కూడా చోటు దొరికింది. చివర చిన్న వల కట్టిన కర్రతో బంతిని పట్టుకుని, అది జారిపోకుండా కర్రని ఊపుతూ పరిగెత్తి, గోల్‌లోకి విసరాలి. స్కూల్ అమ్మాయిల ఆటలో గోలీ, అంటే గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో వైపు 12 మంది, 12 నిమిషాల క్వార్టర్లు నాలుగు. అయితే అందరూ ఒకేసారి గోల్ మీద పడటానికి లేదు. గోల్‌కి 30 గజాల దూరంలో ఒక గీత ఉంటుంది, అది దాటి దాడికి వెళ్లేది ఏడుగురే. వాళ్లకి ఎదురుగా ఏడుగురు డిఫెండర్లు, వెనక గోలీ. నా వాదన మొత్తం ఈ ఏడు అనే అంకె మీదే ఉంది.

ఇంకో సంగతి. అబ్బాయిల లాక్రాస్‌లో హెల్మెట్లు, ప్యాడ్లు వేసుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకోవచ్చు. అమ్మాయిల ఆటలో ఒంటితో గుద్దడం కుదరదు, కళ్లకి గాగుల్స్, నోట్లో మౌత్‌గార్డ్, అంతే. 1890లో స్కాట్లాండ్‌లోని సెయింట్ లెనర్డ్స్ స్కూల్లో ఆడపిల్లలు ఆడటం మొదలుపెట్టిన ఆట, 1926లో రోజబెల్ సింక్లెయిర్ అనే టీచర్ ద్వారా మా పక్కనే బాల్టిమోర్‌లో ఉన్న బ్రిన్ మార్ స్కూల్‌కి చేరింది. అప్పటి నుంచీ ఇక్కడి అమ్మాయిల ఆట ఒళ్లు తగలకుండా, పరుగు మీదా పాస్ మీదా నడిచేదిగానే పెరిగింది. దాని ఫలితం ఏంటంటే, కాళ్లలో వేగం, చేతిలో మెలకువ ఉన్న అమ్మాయిని ఆపడం చాలా కష్టం. గుద్ది పడేయలేరు. గోల్ ముందు వంపుగా గీసిన 8 మీటర్ల ఆర్క్‌లో పెద్ద ఫౌల్ చేస్తే ఆ అమ్మాయికి ఫ్రీ పొజిషన్ షాట్ (డిఫెండర్లు పక్కకి జరిగాక గోల్ వైపు ఆడే అవకాశం) ఇస్తారు. ఎవరినీ దగ్గరుండి కాపలా కాయకుండా ఆ ఆర్క్ లోపల డిఫెండర్ 3 సెకన్లు మించి నిలబడితే అదీ ఫౌలే. రూల్స్ అన్నీ కలిపి చూస్తే బాగా షూట్ చేసే అమ్మాయికి దారి వేసినట్టే ఉంటాయి. కాబట్టి అమ్మాయిల లాక్రాస్‌లో ఒక్క స్టార్ మొత్తం స్కోరు మోయడం వింతేం కాదు, ఆట తీరే అలాంటిది. ఆ పిల్లది స్వార్థం అని ముందే ముద్ర వేసేయకండి.

కాకపోతే మార్చి, ఏప్రిల్‌లో నడిచినది మేలో నడవదు. సీజన్ మొదట్లో బలం లేని టీమ్స్ మీద మా స్టార్ వరసపెట్టి గోల్స్ కొడుతుంది, అందరం చప్పట్లు కొడతాం, లోకల్ పేపర్లో పేరు వస్తుంది. ప్లేఆఫ్స్‌కి వచ్చేసరికి ఎదుటి కోచ్ అంతకుముందు మ్యాచ్‌ల వీడియో మొత్తం చూసి ఉంటాడు. తన దగ్గర ఉన్న అందరికన్నా చురుకైన డిఫెండర్‌ని పిలిచి, "బంతి ఎక్కడుందో నీకు అనవసరం, ఆ అమ్మాయి ముఖం చూస్తూ ఉండు, తన కర్రలోకి బంతి రానివ్వకు" అని చెప్తాడు. దీన్ని ఇక్కడ ఫేస్ గార్డ్ అంటారు. ఇలా చేస్తే ఒక డిఫెండర్ పూర్తిగా ఆ పనిలోనే ఉండిపోతుంది, మిగిలేది ఆరుగురికి ఆరుగురు. నిజానికి దాడి చేసేవాళ్లకి ఇది వరం. అంతే మైదానం, మనుషులు తక్కువ, ఖాళీ ఎక్కువ. అయితే ఆ ఆరుగురూ సీజన్ మొత్తం స్టార్‌కి బంతి అందించి పక్కకి తప్పుకోవడమే నేర్చుకుని ఉంటే ఆ ఖాళీని ఏం చేసుకోవాలో వాళ్లకి తెలియదు. ఒకళ్లకొకళ్లు బంతి తిప్పుకుంటూ ఉంటారు, స్టార్ వైపు చూస్తూ ఉంటారు, ఎవరో ఒకరు తెగించి ఇరుకులోకి పాస్ విసురుతారు, అది పోతుంది. పుస్తకంలో నేను టర్నోవర్ గీత ఆ ఫీడర్ (పాస్ విసిరిన అమ్మాయి) పేరు పక్కనే పెట్టాలి, కానీ ఆ తప్పు మార్చి నెలలోనే జరిగిపోయింది.

ఫేస్ గార్డ్ కాకపోతే డబుల్ టీమ్. స్టార్ లోపలికి దూసుకు రాగానే పక్కనున్న డిఫెండర్ కూడా తన అమ్మాయిని వదిలేసి మీదకి వస్తుంది. అప్పుడు ఎక్కడో ఒక అమ్మాయి కచ్చితంగా ఖాళీగా ఉంటుంది, ఇది లెక్క, ఇందులో అనుమానం లేదు. మంచి స్టార్‌కి ఆ ఖాళీ అమ్మాయి కనిపిస్తుంది కూడా. కానీ ఆ అమ్మాయి పాస్ కోసం కర్ర ఎత్తి సిద్ధంగా ఉందా, లేక షాట్ చూద్దామని కర్ర దించేసి నిలబడిందా? నేను రాసే బల్ల దగ్గర నుంచి ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్నో మ్యాచ్‌లలో చూశాను, పాస్ ఇవ్వలేదని మనం తిట్టుకునే అమ్మాయికి పాస్ ఇవ్వడానికి అవతల ఎవరూ తయారుగా ఉండరు. ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, ఖాళీగా గోల్ ఎదురుగా బంతి దొరికిన అమ్మాయి తను షూట్ చేయకుండా వెనక్కి తిప్పి స్టార్‌కే ఇచ్చేయడం. తప్పిపోతే అందరూ ఏమంటారో అని భయం. పదిహేనేళ్ల పిల్లకి ఆ భయం ఎలా ఉంటుందో ఆలోచించండి.

అందుకని స్టార్‌ని తక్కువ షూట్ చేయమనడం నాకు అస్సలు నచ్చదు. ఉన్న బలాన్ని కోసుకోవడం ఎందుకు? ఆ అమ్మాయి చిన్నప్పటి నుంచీ గోడకి బంతి కొట్టి కొట్టి సంపాదించుకున్న చెయ్యి అది. మిగతా ఆరుగురి మీదా ఎదుటివాళ్లకి భయం పుట్టేలా చేయాలి, స్టార్‌కి దారి దానంతటదే తెరుచుకుంటుంది.

కాలేజీ అమ్మాయిల పెద్ద ఆటల్లో ఇది ఎలా ఉంటుందో చూడండి. బోస్టన్ కాలేజీ ఆటగత్తె షార్లెట్ నార్త్ 2021లో ఒక్క సీజన్లో 102 గోల్స్ కొట్టి రికార్డు పెట్టింది, ఆ ఏడాది కాలేజీల జాతీయ ఫైనల్లో సిరక్యూస్ యూనివర్సిటీని 16-10తో ఓడించి కప్పు తెచ్చింది. చిన్నపిల్లలందరూ ఆమె పోస్టర్లు గదుల్లో అతికించుకున్నారు, మా అమ్మాయితో సహా. మరుసటి ఏడాది అదే నార్త్, అదే బోస్టన్ కాలేజీ, ఫైనల్లో నార్త్ కరొలినా యూనివర్సిటీ చేతిలో 12-11తో ఓడిపోయారు. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ తరఫున ఇజీ స్కేన్ 2023లో కప్పు గెలిచింది, 2024లో మొత్తం కెరీర్ గోల్స్‌లో నార్త్ రికార్డుని కూడా దాటేసింది, కానీ ఆ ఏడాది ఫైనల్ 14-13తో బోస్టన్ కాలేజీ గెలిచింది. అప్పటికి నార్త్ ఆ కాలేజీ వదిలి రెండేళ్లయింది. ఒక్క గోల్ తేడాతో ఓడితే స్టార్ తప్పని ఎవరూ అనలేరు, నేనూ అనను. స్టార్ ఉంటే ఫైనల్ దాకా వెళ్లొచ్చు, గెలవొచ్చు కూడా. స్టార్ ఉంది కదా అని మిగతాది వదిలేయడానికి మాత్రం లేదు.

నాకు వీళ్లందరికన్నా ఎక్కువ ఇష్టమైన అంకెలు స్టోనీ బ్రూక్ యూనివర్సిటీకి ఆడిన కైలీ ఓల్మిల్లర్‌వి. 2017లో ఆమె 78 గోల్స్ కొట్టింది, 86 అసిస్టులు ఇచ్చింది. మళ్లీ చదవండి, గోల్స్ కన్నా అసిస్టులు ఎక్కువ. డిఫెండర్ పరిస్థితి ఊహించుకోండి, మీదకి వెళ్తే పాస్ పోతుంది, వెళ్లకపోతే తనే కొడుతుంది. ఆ 86 పాసులూ అవతలి చివర ఎవరో పట్టుకుని గోల్ చేస్తేనే అసిస్టులయ్యాయి, పట్టుకునేవాళ్లు లేకపోతే అవన్నీ టర్నోవర్లే. 2025లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచిన నార్త్ కరొలినా టీమ్‌లో చెల్లెలు క్లోయీ హంఫ్రీ గోల్స్ మోత మోగిస్తుంటే, ఒక సీజన్లో ఎక్కువ అసిస్టుల రికార్డు రాసింది అక్క యాష్లీ. ఒకే ఇంట్లో పెరిగిన అక్కచెల్లెళ్లలో ఒకరు కొట్టేవాళ్లు, ఒకరు ఇచ్చేవాళ్లు, ఇద్దరూ స్టార్లే.

స్కూల్ స్థాయిలో అయితే మా దగ్గర్లోనే ఓవింగ్స్ మిల్స్‌లో ఉన్న మెక్‌డనో స్కూల్ ఉదాహరణ చాలు. 2009 నుంచి 2018 దాకా ఆ స్కూల్ అమ్మాయిలు వరసగా 198 మ్యాచ్‌లు గెలిచారు. హైస్కూల్ అంటే నాలుగేళ్లు. ఎంత గొప్ప స్టార్ అయినా నాలుగేళ్లకి క్యాప్ విసిరేసి కాలేజీకి వెళ్లిపోతుంది. ఆ పరంపర మొదలైనప్పుడు ఆడిన పిల్లలెవరూ అది ముగిసేటప్పటికి స్కూల్లో లేరు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లు కూడా చాలామంది వెళ్లిపోయారు. అక్కడికి వచ్చే పిల్లల్లో ప్రతిభ ఎక్కువే, ప్రైవేట్ స్కూల్, వసతులు వేరు, అదంతా ఒప్పుకుంటాను. అయినా తొమ్మిదేళ్లపాటు ఏ ఒక్క అమ్మాయి చేతి మీదా ఆధారపడకుండా గెలవడం అంటే, రేపటి అమ్మాయికి ఇవాళే బంతి ఇస్తూ ఉండాలి. వేరే దారి లేదు.

మరి కోచ్ ఏం చేయాలి? మూడు పాసులు అయ్యాకే షాట్ అనే రూల్ చాలామంది పెడతారు. ప్రాక్టీసులో మంచిదే, మ్యాచ్‌లో అదే పట్టుకుంటే పిల్లలు పాసులు లెక్కపెట్టుకుంటారు తప్ప గోల్ వైపు చూడరు. నేను చూసినవాటిలో బాగా పనిచేసింది, ప్రాక్టీసు మ్యాచ్‌లో స్టార్‌ని డిఫెన్స్‌లో పెట్టడం. రోజూ మన టీమ్‌లోని మేటి అమ్మాయిని దాటుకుని గోల్ కొట్టడం అలవాటైతే మ్యాచ్‌లో ఎదురయ్యే డిఫెండర్ అంత భయపెట్టదు. స్టార్‌కి కూడా డిఫెండర్ కళ్లతో చూస్తే ఎవరు ఎప్పుడు ఖాళీ అవుతారో అర్థమవుతుంది. ఇంకోటి, నలుగురికి నలుగురు చొప్పున చిన్న జాగాలో ఆడించడం. నలుగురిలో దాక్కోవడానికి చోటు ఉండదు, అందరూ బంతి పట్టుకోవాల్సిందే. అసిస్టుతో వచ్చిన గోల్‌కి రెండు పాయింట్లు, ఒంటరిగా కొట్టినదానికి ఒకటి అని లెక్కపెట్టినా పిల్లలు రెండో రోజుకే మారిపోతారు. 8 మీటర్ల ఫ్రీ షాట్లు మాత్రం ప్రాక్టీసులో అందరి చేతా వేయించాలి, ఆఖరి బెంచ్ అమ్మాయితో సహా.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది, అది డ్రిల్లుల్లో దొరకదు. స్టార్‌కీ మిగతావాళ్లకీ ఒకే న్యాయం. స్టార్ ముగ్గురి మధ్యలోకి వెళ్లి బంతి పోగొట్టుకుంటే "పర్లేదు, మళ్లీ ట్రై చెయ్" అంటారు. వింగ్‌లో ఆడే అమ్మాయి ఒక్క పాస్ జారవిడిస్తే వెంటనే బెంచికి పిలుస్తారు. ప్రాక్టీసుకి స్టార్ ఆలస్యంగా వస్తే నవ్వులు, ఇంకో అమ్మాయి వస్తే శిక్షగా పరుగులు. పిల్లలు ఇవన్నీ లెక్కపెడుతూనే ఉంటారు, నా స్కోర్‌బుక్ కన్నా కచ్చితంగా. టీమ్ విడిపోయేది స్టార్ పాస్ ఇవ్వనందుకు కాదు, నా అనుభవంలో ఎప్పుడూ ఈ తేడా దగ్గరే విడిపోయింది. ఒక్కసారి ఆ కోపం మొదలైతే గ్రౌండ్‌లోకి కూడా వస్తుంది, స్టార్ ఖాళీగా ఉన్నా కావాలని బంతి ఇవ్వరు, చిరాగ్గా ముఖం తిప్పుకుంటారు, లంచ్ టేబుల్ దగ్గర ఆ అమ్మాయి ఒంటరిగా కూర్చుంటుంది. తను ఏ పక్షపాతమూ అడగలేదు పాపం, పెద్దవాళ్లు ఇచ్చారు, శిక్ష మాత్రం తనకి. గెలిస్తే నీ వల్లే, ఓడినా నీ వల్లే అనే టెన్షన్ పదహారేళ్ల పిల్ల నెత్తిన పెట్టడం న్యాయం కాదు, ఎంత బాగా ఆడేదైనా సరే.

బలహీనమైన టీమ్‌తో ఆడేటప్పుడు ఇంకో చిక్కు. తేడా 10 గోల్స్‌కి చేరితే గడియారం ఆపకుండా నడిపిస్తారు, అది ఓడేవాళ్ల మర్యాద కోసం పెట్టిన ఏర్పాటు. ఆ సమయంలో కూడా స్టార్‌ని ఉంచి గోల్స్ పెంచుకోవడం చూస్తే నాకు మనసు ఒప్పదు. అలాగని షూట్ చేయకుండా బంతిని తిప్పుతూ ఎదుటివాళ్లని పరిగెత్తించడం అంతకన్నా పెద్ద అవమానం. స్టార్‌ని డిఫెన్స్‌కి పంపండి, ఫ్రెష్‌మన్ (తొమ్మిదో తరగతి) పిల్లల్ని దాడికి పంపి మనస్ఫూర్తిగా ఆడనివ్వండి. వాళ్ల మొదటి గోల్ అలాంటి మ్యాచ్‌లోనే వస్తుంది, ఆ రోజు వాళ్ల ముఖాలు చూడాలి.

ఇక మన తెలుగు పేరెంట్స్ సంగతి. మ్యాచ్ అయిపోయి కారు ఎక్కగానే మనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కొట్టావ్?" వీడియో కాల్‌లో గుంటూరు నుంచి మా అమ్మ కూడా అదే అడుగుతుంది, "ఎన్ని గోల్సు వేశావే బంగారం?" అని. మార్కులెన్ని, ర్యాంకెంత అని అడిగి అడిగి మనకి అలవాటైపోయింది, అంకె లేకపోతే పిల్ల ఏం చేసిందో మనకి అర్థం కాదు. మా అమ్మాయి గోల్ వెనక నిలబడి ఫీడ్ చేసే పిల్ల, గోల్స్ తక్కువ. డ్రా దగ్గర గాల్లోకి లేచిన బంతిని మైదానం మధ్య సర్కిల్ పక్క నుంచి పరిగెత్తుకొచ్చి అందుకునే అమ్మాయికి ఒక్క గోల్ కూడా ఉండకపోవచ్చు, కానీ ప్రతి గోల్ తర్వాతా ఆట డ్రాతోనే మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఆ అమ్మాయి లేకపోతే స్టార్ చేతికి బంతే రాదు. కబడ్డీలో రైడర్ పాయింట్లే చెప్పుకుని కార్నర్‌లో కాలు పట్టినవాడిని మర్చిపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

దీనికి కాలేజీ టీమ్‌లో చోటు దొరుకుతుందనే ఆశ తోడవుతుంది. జూనియర్ ఇయర్ (పదకొండో తరగతి) సెప్టెంబర్ 1 దాకా కాలేజీ కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడకూడదని రూల్. ఆ తేదీ దగ్గర పడే కొద్దీ పేరెంట్స్‌కి గోల్స్ పిచ్చి పట్టుకుంటుంది, సమ్మర్ క్లబ్ టోర్నమెంట్లలో అయితే మరీను, ప్రతి పిల్లా తన వీడియో కోసం ఆడుతున్నట్టు ఉంటుంది. ఆ కోచ్‌లకి స్కోరు షీటు చూడటం వచ్చు, ఆట చూడటం కూడా వచ్చు. బంతి లేనప్పుడు ఎటు కదిలింది, బంతి పోగానే వెనక్కి పరిగెత్తిందా లేదా అన్నవి దాచినా దాగవు.

కిందటి ఏడాది కోచ్‌ని అడిగి నేను పుస్తకంలో ఒక కొత్త కాలమ్ గీశాను, గోల్‌కి దారితీసిన పాస్‌కి ముందు పాస్ ఎవరిచ్చారు అని. అధికారిక లెక్కల్లో దానికి చోటు లేదు, ఐస్ హాకీలో అయితే దాన్ని కూడా అసిస్టుగానే లెక్కేస్తారు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మెల్లగా మ్యాచ్ అవ్వగానే పిల్లలు నీళ్ల బాటిల్‌తో బల్ల దగ్గరకి వచ్చి "ఆంటీ, నాకు ఇవాళ ఎన్ని?" అని ఆ కాలమ్‌లోనే వేలు పెట్టి వెతుక్కోవడం మొదలైంది. అంకెలు అడిగితే అడగనివ్వండి, అడగాల్సిన అంకెలు ఇవి. మా స్టార్ అమ్మాయి కూడా వస్తుంది, తన గోల్స్ చూసుకోదు, అవి తనకి తెలుసు, ఆ కాలమే చూసుకుంటుంది.

సీజన్ చివర బాంక్వెట్‌లో (టీమ్ విందులో) టాప్ స్కోరర్‌కి మాత్రమే ప్లేక్ (జ్ఞాపిక) ఇచ్చే అలవాటు ఉంది. ఈసారి డ్రా కంట్రోల్‌కి, గ్రౌండ్ బాల్స్‌కి, నా కొత్త కాలమ్‌కి కూడా ఇద్దామని బూస్టర్స్ (టీమ్‌కి డబ్బు కూడగట్టే పేరెంట్స్ సంఘం) మీటింగ్‌లో అడిగాను. డబ్బు ఎక్కడిదని ఒకరు, అందరికీ ఇస్తే విలువేం ఉంటుందని ఇంకొకరు అన్నారు. అందరికీ ఇవ్వమనలేదు, పని చేసినవాళ్లకి ఇవ్వమన్నాను. వచ్చే మీటింగ్‌లో ఓటింగ్ ఉంది. మీ కౌంటీల్లో, మీ స్కూళ్లలో ఎలా చేస్తున్నారో, ముఖ్యంగా న్యూజెర్సీ, వర్జీనియా వైపు ఉన్నవాళ్లు, కామెంట్లో రాయండి, ఆ వివరాలు పట్టుకుని వెళ్తాను.